ఎదురుచెయ్యి

మాట 411

నేల గుల్లగా ఉంది. కాలు బాగానే ఆడుతోంది. బండికి ఎడమ ఆరో కాలు తోలే పైడమ్మ మాత్రం బాగోలేదు.

సీటు దిగే ముందు నేల సంగతీ కాలి సంగతీ నాలుగు ముక్కలు ఈ పలక మీద రాసి దిగాలని బండిలో నియమం, పూటకొక మాట. నా తర్వాత ఈ సీటెక్కే ముసలయ్యకి చదవడమంటే బద్ధకం. "నేలెలగుందే గుంటా?" అని నోటితో అడిగేసి ఎక్కి కూర్చుంటాడు. కాబట్టి నేనిక్కడ ఏం రాసుకున్నా అడిగే నాథుడు లేడు. రాసుకోకపోతే నేను పగిలిపోతాను.

ఇవాళ భోజనాల పంక్తిలో బండిపెద్ద కూర్మారావు తనకి ఎదురుచెయ్యిగా నన్ను కోరుకున్నాడు.

నన్ను! మా అప్ప సూరీడమ్మ పోయిన రోజున, ఇదే పంక్తిలో నిలబడి, "పైడమ్మ సెయ్యి తప్పింది" అని అందరూ వినేలా చెప్పిన మనిషి. ఆ ఒక్క మాటతో, నా చేతి బిళ్ల తీసుకునే నోరు ఈ బండిలో లేకుండా చేసిన మనిషి. మొన్న నిచ్చెన మీంచి జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుని మంచం మీద పడుకుంటే ఆ కాలి పిక్క కుండలా ఉబ్బింది. మూడో బండిలో ఉండే డాక్టరుగారు తీగ మీద వచ్చే బొమ్మలో చూసి, పిక్క నరంలో నెత్తురు గడ్డ కట్టింది, జోడు బిళ్ల పడాలి అన్నారట. ఇంతకాలం తిరుగుతూ పెత్తనం చేసినవాడు కాబట్టి కూర్మారావుకి బిళ్లతో పనిలేకపోయింది. ఇప్పుడు పడింది. బిళ్ల పడితే ఎదురుచెయ్యి ఉండాలి.

కుర్చీలో తోయించుకుంటూ వచ్చి పంక్తి మొదట్లో ఆగాడు. "నాకు పైడమ్మే కావాల," అన్నాడు.

పంక్తంతా ఒక్కసారి గతుక్కుమంది. తర్వాత గుసగుసలు. "సూసినావా, ఎంత పెద్ద మనసో! పాపం, ఆ గుంటకి మల్లీ పరువిస్తన్నాడు."

పరువట! దొంగ తానెత్తుకుపోయిన చెంబు తానే తెచ్చిచ్చి దండ వేయించుకున్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

కాదనే హక్కు నాకుంది. కాదనలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నాకు ఒక్కటే కనిపించింది. కూర్మారావు ప్రాణం పూటకి రెండు బిళ్లలై నా అరచేతిలో రాలబోతోంది.

మాట 412

నేల గట్టి. అడుగు సరిగ్గా పడుతోంది. పక్క గదిలోంచి బావ గోడ మీద తట్టే దెబ్బ కూడా సరిగ్గానే పడుతోంది. ఎడమ ఐదో కాలు ఇప్పుడు ఆయన తోలతాడు. ఐదో కాలు దించగానే గోడ మీద తడతాడు, నేను ఆరో కాలు ఎత్తాలి. అప్ప పోయాక ఆమె మొగుడు తవిటయ్య బావకీ నాకూ మధ్య మిగిలిన మాటలు ఆ దెబ్బలే.

మా ఊరంతా ఈ కాళ్ల బండి మీదే ఉంది, అది ఆగదు. ఆగితే వెనకాల వచ్చే ఎండ అందుకుంటుంది. ఎండ అందుకున్న చోట ఇనుము కూడా మెత్తబడుతుంది. అలాంటి ఊళ్లో మా అమ్మ పెద్దకూతురికి సూరీడమ్మ అని పేరు పెట్టింది. ఇదేం పేరని అడిగితే, "బయమేసినదాన్ని ఇంట్లో ఎట్టుకుంటే బయం పోతాది," అనేది.

బండి కాళ్లు నడవాలంటే మా కాళ్లు కదలకూడదు. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని పూటంతా కూర్చుంటాం. కదలని కాళ్లలో నెత్తురు పేరుకుని గడ్డ కడుతుంది. గడ్డ అక్కడే ఉంటే కాలు వాస్తుంది. విరిగి పైకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. అందుకే మా భోజనాల చివర తాంబూలం ఉండదు, నెత్తురు పలచబరిచే బిళ్ల ఉంటుంది. మామూలు వాళ్లకి ఒంటి బిళ్ల. గడ్డ తేలినవాళ్లకి జోడు బిళ్ల. జోడు బిళ్ల పడేవాళ్లు సీటెక్కకూడదు. కుదుపుకి ఎక్కడైనా గట్టిగా తగిలిందంటే లోపల కారే నెత్తురు ఆగదు.

ఆ బిళ్ల ఎవరి చేత్తో వాళ్లు వేసుకోకూడదు. తాతల కాలంలో చిగుళ్లలోంచి నెత్తురొస్తోందని, ఊరికే ఒళ్లు కమిలిపోతోందని, చాలామంది నాలుక కింద దాచుకుని ఉమ్మేసేవాళ్లట. అలా ఒకరి తర్వాత ఒకరు పోయాక ఎదురుచెయ్యి పెట్టారు. వంటమనిషి అసిరమ్మ బిళ్లల పెట్టెని చక్రాల మీద తోసుకుంటూ వస్తుంది. నీ ఎదుట కూర్చున్న మనిషి దాని కింద అరచెయ్యి పెడితే నీ బిళ్ల రాలుతుంది. ఆ మనిషే నీ నోట్లో వేయాలి, నువ్వు ఆ మనిషి నోట్లో వేయాలి. నోరు తెరిచినవాళ్లు కళ్లు మూసుకోవాలి. కళ్లు తెరిచి ఎదుటి చేతిలోకి చూశావంటే ఆ మనిషిని తిట్టినట్టే. చివరి నోరు మింగేదాకా పంక్తి లేవదు.

మా అప్పకి నేను ఎదురుచెయ్యిని. ఆవిడ పిక్కలో గడ్డ తేలినప్పుడు జోడు బిళ్ల నా చేత్తోనే వేశాను. వాపు తీస్తోంది, నెమ్మదిగా కుంటుతూ నవ్వుతోంది. అంతలో గుండ్లలోయ వచ్చింది. ఆ లోయ దాటాలంటే ఎడమ ఐదో కాలు మా అప్ప తోలినట్టు ఎవరూ తోలలేరు. ఆ పూట పెట్టె కింద చెయ్యి పెడితే ఒక్క బిళ్లే రాలింది. నేను కూర్మారావు దగ్గరికి పరుగెత్తాను. "డాక్టరు తగ్గించమన్నాడు, గడ్డ కరిగిపోనాది. ఒంటి బిల్ల మనిసి కాబట్టి మీ అప్ప సీటెక్కొచ్చు," అన్నాడు. పెట్టె తాళం ఆయన వేలిముద్రది, ఎవరికెన్ని రాలాలో పెట్టేది ఆయనే. ఆయన చెప్పిందే వేదం.

అప్ప ఎక్కింది. "నొప్పి తొడ దాకా వచ్చిందే, ఒక్క పూట వదిలీమని బాబుకి సెప్పవే," అని నాతో అంది. చెప్పాను. వదల్లేదు. లోయ దాటింది. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అప్ప పట్టీలు విప్పుకుని లేచి, "ఊపిరందట్లేదే పైడీ," అని నా మీదకి ఒరిగింది. అంతే.

తర్వాత పంక్తిలో కూర్మారావు, "పెట్టె ఎప్పుడూ జోడే ఏసింది. సెయ్యి తప్పింది," అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను. డాక్టరుగారిని అడగండి అన్నాను. తీగ పట్టుకునేది కూడా కూర్మారావే. పెట్టె తప్పదు, చెయ్యే తప్పుతుంది అని మా పిల్లలకి ఉయ్యాల్లోనే నేర్పుతాం. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత చూడలేదు.

మాట 413

నేల గట్టి. కాలి కీలు కొంచెం కిచకిచమంటోంది, నూనె కావాలి.

వేశాను. ఒక్కటే.

అసిరమ్మ పెట్టె తెచ్చింది. టిక్, టిక్ అని రెండు రాలాయి. కూర్మారావు కళ్లు మూసుకుని నోరు తెరిచాడు. ఎంత నమ్మకంగా తెరిచాడో! నాలుక మీద ఒక బిళ్ల పెట్టి, రెండోది బొటనవేలి కింద నొక్కి ఉంచేశాను. మా అప్పకి ఏ కొలత ఇచ్చాడో ఆ కొలతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నీళ్లు తాగి, "నీ సెయ్యి తేలిక పైడమ్మా," అన్నాడు.

తర్వాత నా వంతు. ఆయన వేలు నా పెదవికి తగిలింది. మింగాను. ఆయన నన్నేమీ చేయడని నాకు తెలుసు. ఆయనకి నేను బతికుండాలి.

బిళ్ల తెచ్చి సీటు కింద పట్టీ మడతలో దాచాను. చిన్నది, గులాబీ రంగుది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. బావ రెండుసార్లు తట్టాల్సి వచ్చింది.

మాట 417

నేల రాయి. కాలు జాగ్రత్త.

పట్టీ మడతలో బిళ్లలు పెరుగుతున్నాయి, కూర్మారావు పిక్క కూడా పెరుగుతోంది. తగ్గుముఖం పట్టిన వాపు మళ్లీ పొంగింది. చర్మం నిగనిగలాడుతోంది. కట్టు అంచు దగ్గర వేలు పెట్టి నొక్కి, "ఏటో వేడిగా ఉంది," అన్నాడు అసిరమ్మతో. ఆవిడ కట్టు వదులు చేసింది. నేను పక్కనే నిలబడి చూశాను. నాకు సంతోషమేసింది. దాచడమెందుకు, ఆకలి మీద ఉన్నవాడికి అన్నం వాసన తగిలినంత సంతోషమేసింది.

"డాక్టరుకి సెప్తావా బాబూ?" అని అడిగింది అసిరమ్మ.

"సెప్పినాను. బిళ్ల పూటకి రెండూ పడతన్నాయా అన్నాడు. పడతన్నాయన్నాను. అయితే ఓపిక పట్టు, కాలు ఎత్తు మీద పెట్టుకో అన్నాడు."

పడతన్నాయన్నాడు! కళ్లు మూసుకుని మింగేవాడికి ఎన్ని పడుతున్నాయో ఏం తెలుస్తుంది? ఈ బండిలో ఎవరూ నాలుకతో లెక్కపెట్టరు. నోట్లో బిళ్ల తడుముకోవడం కూడా ఎదుటి చేతిని అనుమానించినట్టే కదా. మా మర్యాదే మా కొంప ముంచుతుంది. అప్ప విషయంలో పెట్టెని అనుమానించకపోవడమూ అలాంటి మర్యాదే.

ఇంకొన్ని పూటలు. అంతే చాలు.

మాట 419

నేల రాయి. ముందు మళ్లీ లోయ ఉందంటున్నారు.

కూర్మారావుని పంక్తి నుంచి గదికి తోసుకెళ్లే పని ఎదురుచేతిదే. ఇవాళ నడవలో ఎవరూ లేరు. కుర్చీ ఆపమని చెయ్యెత్తాడు.

"నిన్నే ఎందుకు కోరుకున్నానో అడగవేటి?"

"సెప్పండి బాబూ."

"ఈ బండిలో నా సావు కోరేవోల్లు శానామందే ఉన్నారు. మొకమ్మీద నవ్వుతారు. ఎవడి సెయ్యి నమ్మను? అప్పుడు నువ్వు గుర్తొచ్చినావు." నెమ్మదిగా, మంచి మాట చెబుతున్నట్టు చెప్పాడు. "నీకు నామీద కోపముంది, నాకు తెలుసు. అది అందరికీ తెలుసు. నాకేదైనా అయితే ముందు నీ సెయ్యే పట్టుకుంటారు. ఒకపాలి తప్పిన సెయ్యి రెండోపాలి తప్పకూడదని నువ్వు ఒల్లు దగ్గరెట్టుకుని ఏస్తావు. నీకన్నా బద్రమైన సెయ్యి ఎక్కడ దొరుకుతాది?"

"అయితే మా అప్పకి నా సెయ్యి తప్పలేదని మీకు తెలుసు."

"నాకు తెలిస్తే ఏటి? పంక్తికి తెలవదు. పద, తొయ్యి."

తోశాను. ఆ కుర్చీని మెట్ల మీంచి దొర్లించేయకుండా గది దాకా ఎలా తీసుకెళ్లానో నాకే తెలియదు. పళ్లు కొరికితే చిగుళ్లలోంచి నెత్తురొచ్చింది. ఒంటి బిళ్ల మనుషులకి అదొకటి, కోపం కూడా సుఖంగా తెచ్చుకోలేం.

మాట 420

నేల రాయి. నిజానికి నేల చూడలేదు. అలవాటు మీద తోలాను.

ఇవాళ సీటెక్కబోతుంటే గుమ్మం దగ్గర బావ నిలబడ్డాడు. ఇన్నాళ్లకి నాతో మాట్లాడాడు.

"బండిపెద్ద కాలు మల్లీ పొంగింది."

"ఆఁ బావా."

"మల్లీ నీ సెయ్యి తప్పుతందేటే?"

అదే అడిగాడు. తిట్టలేదు. కళ్లలో కోపం కూడా లేదు. ఒక తల్లి తన పిల్ల మళ్లీ పక్క తడిపిందా అని అడిగినట్టు అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లి సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకున్నాడు. ఆ వెంటనే గోడ మీద దెబ్బ పడింది. నేను కాలెత్తాను.

పూటంతా ఆ మాటే నమిలాను. కూర్మారావు పోతే ఏమవుతుందో ఇప్పుడు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. పెద్ద ఎత్తున సాగనంపుతారు. ధర్మప్రభువు, తప్పిన చేతిని కూడా నమ్మిన మహానుభావుడు అని ఏడుస్తారు. నన్ను బండి దించేస్తారు. దించనీ, నాకు నేనేమీ ముద్దు కాదు. కానీ బావకి ఖాయమైపోతుంది. ఈ గుంటే ఆ రోజు కూడా తప్పింది, నా పెళ్లాన్ని సొంత చెల్లెలే చంపింది అని చచ్చేదాకా అనుకుంటాడు. కూర్మారావు అబద్ధానికి నేనే నా చేత్తో సాక్ష్యం రాసిచ్చినదాన్ని అవుతాను. వాడు చచ్చి కూడా గెలుస్తాడు.

ఛీ! ఎంత తెలివితక్కువ పగ పట్టాను! వాడు చస్తే నాకేం వస్తుంది? చచ్చినవాడి నోట్లోంచి నిజం రాదు.

వాడు బతకాలి.

మాట 424

నేల గుల్ల. ముందు గుండ్లు కనబడుతున్నాయి.

నాలుగు మాటలుగా జోడు బిళ్ల వేస్తున్నాను. శుభ్రంగా, రెండూ నాలుక మధ్యన. కూర్మారావు పిక్క మెత్తబడుతోంది. "నీ సెయ్యి తేలికే," అన్నాడు మళ్లీ. దాచిన బిళ్లలు మాత్రం తీయలేదు. వాటితో పని ఉంది.

ఎదురుచేతికి ఒక హక్కుంది. చెయ్యి దించడం అంటారు. పంక్తిలో బిళ్ల రాలాక, "నా చెయ్యి ఇవ్వను" అని అందరి ముందూ కారణం చెప్పి, బిళ్లని ఎదుటి మనిషి కంచంలో పెట్టేయొచ్చు. ఇష్టమైనవాళ్లు ఎవరైనా లేచి దాన్ని తీసి వేస్తారు. ఎవరో ఒకరు వేసేదాకా పంక్తి లేవకూడదు. నా ఎరికలో చెయ్యి దించినవాళ్లు లేరు. అది మొగుడూ పెళ్లాల మధ్య తాళి తెంపడం లాంటిది, ఉందని తెలుసు గాని చూడలేదు.

రేపు చూస్తారు.

మాట 425

నేల గుండ్లు. సీట్లు ఆలస్యంగా ఎక్కాం, ఎందుకో అందరికీ తెలుసు. అయినా రాస్తాను.

చోడంబలి తాగడం అయిపోయింది. బచ్చలి పులుసు గిన్నెలు ఎత్తేశారు. అసిరమ్మ పెట్టె తోసుకుంటూ వచ్చింది. టిక్, టిక్. కూర్మారావు కళ్లు మూసుకుని నోరు తెరిచాడు.

రెండు బిళ్లలూ ఆయన కంచంలో వేశాను. ఇత్తడి కంచం గట్టిగానే మోగింది.

"నా సెయ్యి ఇవ్వను," అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నోరు మూయడం మరిచిపోయాడు. పంక్తి రెండు వరసలూ నావైపు తిరిగాయి. నేను లేచి, కొంగు ముడి విప్పి, పట్టీ మడతలోంచి తెచ్చిన బిళ్లలు కూడా ఆ కంచంలోనే పోశాను.

"సెయ్యి తప్పడమంటే ఇలగుంటాది," అన్నాను. "బాబుకి పడాల్సిన బిల్లలు ఇవి. కొన్ని పూటలు ఒకటేసి ఒకటి దాసినాను. నానే సేసినాను. దానికి మీరేం సిచ్చ ఏసినా పడతాను. సేసినదాన్ని సేసినానని సెప్పే మనిసినే ఇంకోటి కూడా సెప్తన్నాను, ఇనండి. మా అప్పకి నాను తప్పనేదు. గుండ్లలోయ ముందు పెట్టెలోంచి ఒకటే రాలింది. గడ్డ కరగని మనిసిని సీటెక్కించడానికి ఈ బాబు జోడు తీసి ఒంటి సేసినాడు. మా అప్ప వదిలీమన్నాది. వదల్నేదు."

"పిచ్చిదైపోనాది," అన్నాడు కూర్మారావు, నవ్వబోతూ. "నన్ను సంపబోయినానని దాని నోటితో అదే ఒప్పుకుంటంది కదా! ఎవరైనా లెండి, బిల్ల ఎయ్యండి. అవతల సీట్ల మీదోల్లు దిగడానికి సూస్తన్నారు."

ఎవరూ లేవలేదు. నన్ను నమ్మారని కాదు. ఏం చేయాలో తెలియక. ఆ కాసేపటికే కూర్మారావు మొహంలో రంగు మారింది. చెయ్యి చాచి కంచంలోంచి బిళ్ల తానే తీసుకోబోయాడు.

"తన సెయ్యి తన నోటికేటి!" అని ఎవరో అరిచారు. వరస వరసంతా చీదరించుకుంది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ పని చేసినవాడు ఏ బండికీ పెద్దగా ఉండలేడు.

కంచం ఒళ్లో పెట్టుకుని, చక్రాలు తానే తిప్పుకుంటూ వరస వెంట బయల్దేరాడు. ముందు అసిరమ్మ దగ్గర ఆగాడు.

"అసిరీ, నువ్వెయ్యి."

అసిరమ్మ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. "ఆ పూట నాను పెట్టె తోసినాను బాబూ. ఒక్క టిక్కే ఇన్నాను."

"మరి అప్పుడెందుకు సెప్పనేదు?" నేనే అడిగాను.

"బయమే పైడీ. పెట్టె తోసే పని కూడా పోతాదని బయం." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా సెయ్యి ఇవ్వను బాబూ."

నాకు ఆవిడ మీద కూడా అసహ్యమేసింది. ఆ ఒక్క మాట అప్పుడే అనుంటే! తర్వాత ఆలోచిద్దాం, ముందు వీడి సంగతి అనుకున్నాను.

కూర్మారావు కుర్చీ ఒక్కొక్కరి ముందూ ఆగింది. మొహాలు ఒక్కొక్కటే పక్కకి తిరిగాయి. సీట్ల మీదవాళ్లు దిగే వేళయిందని ఈల మోగింది. పంక్తి లేవలేదు. ఆలస్యమైతే గుండ్లలో అలసిన చేతులు కాళ్లు తోలాలి, వెనకాల ఎండ ఉంది. అది అందరికీ తెలుసు. అయినా ఒక్క చెయ్యి లేవలేదు. కూర్మారావు నుదుటి నిండా చెమట.

చివరికి బావ ముందు ఆగాడు.

"తవిటయ్యా, నువ్వు దరమాత్ముడివి. ఎయ్యి."

బావ ఆయన్ని చూడలేదు. కంచంలో బిళ్లల్ని చూశాడు. "ఒంటి బిల్ల సేసినావా, నేదా?"

"ఆ సంగతి తరవాత. ముందు—"

"సేసినావా, నేదా?"

రెండో ఈల మోగింది. కూర్మారావు వరస చివర దాకా ఒకసారి చూశాడు. ఇంకెవరూ మిగల్లేదు. "బండి దాటాల కదా తవిటయ్యా!" అన్నాడు. "ఊరు ఊరంతా కాలిపోనా? నీ పెల్లాం ఎక్కబట్టే అందరం బతికినాం. ఒక్క మనిసి... గడ్డ కరిగిపోతాదనుకున్నాను. పోనాక ఏటి సెయ్యను? నాను సేసినానంటే నా మాట ఇంకెవడింటాడు? అందుకే సెయ్యి తప్పిందన్నాను."

అది చెబుతున్నప్పుడు కూడా తాను ఊరిని కాపాడిన మొహమే పెట్టాడు. మా అప్పని ఒక్క మాట అడిగి ఉంటే, ఊరి కోసమైతే ఆవిడ తానే ఎక్కేది, అంత మొండిది. అడగలేదు. గడ్డ కరిగిపోయిందని ఆవిడకి అబద్ధం చెప్పి ఎక్కించాడు.

బావ కొట్టలేదు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. తలెత్తి, పంక్తి ఈ చివర నిలబడ్డ నన్ను చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. అప్పటిదాకా రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

ఏడుస్తూనే నడిచి వెళ్లాను. కూర్మారావు కంచంలోంచి రెండు బిళ్లలు తీశాను.

"నోరు తెరు," అన్నాను.

కళ్లు మూసుకోలేదు. నా చేతిలోకి చూస్తూ తెరిచాడు. వేశాను. పంక్తి లేచింది, ఎవరి సీట్లకి వాళ్లు పరుగెత్తారు.

మాట 427

నేల గుండ్లు. కాలు బాగా ఎక్కుతోంది.

ఇవాళ పంక్తి తీర్పులు అయ్యాయి. పెట్టె తాళానికి ఇక ముగ్గురి వేలిముద్రలు పడాలి, ఆ ముగ్గురిలో కూర్మారావు లేడు. తీగ కూడా ఆయన గదిలోంచి తీసేశారు. బండిపెద్ద పదవి కుడివైపు రెండో కాలు తోలే ఆవిడకిచ్చారు. బిళ్లలు దాచినందుకు నాకు శిక్ష: నా చేతి ముందు ఎవరైనా కళ్లు తెరిచి నోరు తెరవొచ్చు, అది నాకు అవమానమని నేను అనకూడదు. కూర్మారావు కాలు నయమయ్యేదాకా ఆయన ఎదురుచెయ్యి నేను వదలకూడదు.

"ఒప్పుకుంటాను," అన్నాను. "నాకు ఒక్కటి కావాల. నోరు తెరిసే ముందు బాబు ఆ మాట సెప్పాల. పూటపూటా, పంక్తి ఇనేలాగ. సెప్పకపోతే నాను సెయ్యి దించుతాను."

పంక్తి ఒప్పుకుంది.

పంక్తి చివర అసిరమ్మ బావ ముందుకి పెట్టె తెచ్చి తన చెయ్యి పెట్టబోయింది. బావ వద్దని తలూపాడు. నావైపు చూసి, "పైడీ, ఇలగ రా," అన్నాడు. నేను పెట్టె కింద అరచెయ్యి పెట్టాను. ఒక్క టిక్. బావ నోరు తెరిచాడు. గట్టిగా, చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు.

మాట 446

నేల గట్టి. కాలికి నూనె పోశారు.

కూర్మారావు గడ్డ కరుగుతోంది. వాపు సగానికి సగం తీసింది. కొత్తగా తీగ పట్టుకున్నవాళ్లతో డాక్టరుగారు, ఆ ఎదురుచెయ్యి ఎవరో గాని ఒక్క పూట కూడా తప్పలేదు, మెచ్చుకోవాలి అన్నారట. గడ్డ కరిగినా ఈ వయసులో బిళ్ల మానకూడదు, ఎప్పటికీ పడుతుండాల్సిందే అని కూడా అన్నారట. ఆ కబురు వినగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

కాలు బాగుపడుతోంది గాని మనిషి ఎండిపోతున్నాడు. పంక్తిలో ఆయన పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఇవాళ అసిరమ్మ పెట్టె తెచ్చింది. రెండు రాలాయి. నేను చెయ్యి ఆయన నోటి ముందుకి తెచ్చాను. ఆయన నోరు తెరవలేదు.

"ఇయ్యాలొద్దే పైడమ్మా," అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా. "ఆ మాట నాను సెప్పనేను. నీకు దన్నమెడతాను. నన్ను వదిలీ. పోనీ."

మా అప్ప కూడా వదిలీమనే అడిగింది.

"వదల్ను బాబూ," అన్నాను. "సెప్పండి."

రెండు వరసలూ ఆగి చూస్తున్నాయి. బావ చూస్తున్నాడు. కూర్మారావు పెదవులు తడుపుకున్నాడు.

"సూరీడమ్మ బిల్ల నానే తగ్గించినాను. పైడమ్మ సెయ్యి తప్పనేదు."

"వరస సివర్న ముసలోల్లున్నారు, ఇనబడనేదు."

మళ్లీ చెప్పాడు, గట్టిగా. నోరు తెరిచాడు. రెండు బిళ్లలూ నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించి, నాలుక ఎత్తించి కింద కూడా చూశాను. మింగాడు. దాచలేదు.

కూర్మారావు నూరేళ్లు బతకాలి. నేను బతికిస్తాను.